పసుపు నీళ్ళు

నిర్మల ఇంటికి చుట్టం ఎవరొచ్చినా ముందు గుమ్మంలో పీట వేసి పసుపు నీళ్ళతో కాళ్ళు కడగాల్సిందే. అరకులోయ పైన ఆ కొండ ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ అంతే. ఆ మర్యాదే ఒక పరాయిదేశపు మనిషి కొంప ముంచుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ధర్మతేజ విశాఖపట్నం నుంచి టూరిస్టులను తెచ్చే మనిషి. కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో జర్మనీ నుంచి వచ్చిన హెల్గాను వెంటబెట్టుకొచ్చాడు. పెద్దావిడ, ఒంటరిది.

"పిన్నీ, ఈవిడ మన కాఫీ తోట చూస్తారట. చుట్టంలా చూసుకో," అన్నాడు.

చుట్టమంటే ఇంకేం కావాలి? నిర్మల పీట వేసింది. హెల్గా బూట్లు విప్పింది. చలికి ఆవిడ పాదాలు కమిలిపోయి ఉంటే జాలేసి, నీళ్ళు వెచ్చచేసి మరీ కడిగింది. తన తోటలోంచి పళ్ళున్న కాఫీ కొమ్మ ఒకటి విరిచి చేతికిచ్చింది. ధర్మతేజ అదంతా ఫోన్లో వీడియో తీస్తూ ఇంగ్లీషులో ఏదో చెప్పుకుపోయాడు. హెల్గా కళ్ళు తుడుచుకుంది. నిర్మలకూ కడుపు నిండినట్టయింది.

పక్కింటి కృపావతి మిషన్ బడిలో టీచరు. గట్టు మీద నిలబడి అతని మాటలు విన్నదల్లా గబగబా వచ్చి నిర్మలను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఏటన్నాడో తెలుసా? ఈ కొండోళ్ళు కాళ్ళు కడిగి కొమ్మ సేతికిచ్చారంటే బూమి ఇచ్చేసినట్టేనంట. కాయితాలు తరవాత అవే వస్తాయంట. డబ్బు కట్టమంతన్నాడు."

నిర్మలకు నవ్వొచ్చింది, అంతలోనే నవ్వు ఆగిపోయింది. "అదేటి టీచరమ్మా! గిరిజనుల బూమి గిరిజనులకే గదా. ఇశాపట్నపోళ్ళే కొనలేరు. సంటి గుంటడికీ తెలుసు."

"మనకి తెలుసు. ఆవిడకెవులు సెప్పారు?"

"నువ్వు సెప్పు. బేగి ఎల్లి సెప్పు తల్లీ. నా సేత్తో కాళ్ళు కడిగాను."

కృపావతి వెళ్ళి తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పింది. ఇది అమ్మే భూమి కాదు, బయటివాళ్ళు కొనడానికి చట్టం ఒప్పుకోదు, డబ్బు కట్టే ముందు ఇతను చూపించే వకీలును కాకుండా సొంతంగా ఒక వకీలును పెట్టుకుని కనుక్కోండి అని. ధర్మతేజ ఒక్క మాటకూ అడ్డు రాలేదు. చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

హెల్గా కృపావతి భుజం తట్టి మెల్లగా ఏదో అంది.

"ఏటంతంది?"

"మనం ఇలాగే అంతామని ఆయన ముందే సెప్పాడంట. రేటు పెంచడానికి ఊళ్ళోవోళ్ళు అమ్మం అమ్మం అంతారని. నిన్ను బాధపడొద్దంతంది. తోట తనదయ్యాక కూడా నిన్ను పన్లోంచి తియ్యదంట."

నిజం చెప్పేవాళ్ళ నోరు ముందే కట్టేసి వచ్చాడు దుర్మార్గుడు. నిర్మల ఆవిడ చెయ్యి పట్టుకుని, "వద్దమ్మా, వద్దు," అని బతిమాలింది. తన పని పోతుందని ఏడుస్తోందనుకుని హెల్గా ఆమెను గుండెలకు హత్తుకుంది. వాళ్ళిద్దరూ ఎక్కిన కారు ఘాట్ రోడ్డు మలుపులో కనుమరుగైంది.

తర్వాత పోలీసు స్టేషన్లో, సర్కారు ఆఫీసుల్లో ఎవరికి చెప్పుకున్నా, మోసపోయినావిడే వచ్చి ఫిర్యాదు ఇవ్వాలన్నారు. ఆవిడ ఫోన్ నంబరైనా తీసుకోవాలని ఆ కంగారులో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

వేసవి వానలకు కాఫీ తోట తెల్లగా పూసినప్పుడు హెల్గా ఒక్కతే జీపు దిగింది. సగానికి సగం చిక్కిపోయింది. ధర్మతేజ ఫోను ఎప్పుడో మూగబోయిందట. కట్టినదంతా పోయిందట. కృపావతి ఒక్కో ముక్కా తెలుగులో చెబుతుంటే నిర్మలకు ఏం చెయ్యాలో తోచలేదు. తెలిసిందొక్కటే. పీట వేసి, పసుపు నీళ్ళు వెచ్చచేసి తెచ్చింది.

హెల్గా పాదాలు వెనక్కి లాక్కుంది. నిర్మల ముఖంలోకి చూస్తూ ఒక్క మాట అంది. కృపావతి తల దించుకుంది.

"సెప్పు టీచరమ్మా."

"ఆడి మాట నమ్మలేదంట. నువ్వు కాళ్ళు కడిగావని నమ్మిందంట."

నిర్మల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళు చల్లారిపోతున్నాయి.