తీగ కింద దారి

కొండ కింద కేబుల్ కారు స్టేషను ముందు పెద్దల్లుడు ఉపన్యాసం మొదలుపెట్టేసరికి ఉదయం ఎనిమిదిన్నర. ఆయనకి డ్రైవింగ్ స్కూలుంది. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని ఇతరుల చేత స్టీరింగు తిప్పిస్తున్నాడు కాబట్టి, లోకంలో ఎవరు ఎటు తిరగాలో తనే చెప్పాలన్న నమ్మకం ఆయన ఒంట్లో ఇంకిపోయింది. ఆ రోజు కాళ్ళకి కొత్త బూట్లు, చేతుల్లో రెండు ఊతకర్రలు, నెత్తిన టోపీ, మెడలో విజిలు, వీపు మీద చిన్న సైజు బీరువాలాంటి సంచి.

"డబ్బాలో కూర్చుని పైకి పోవడం కూడా కొండెక్కడమేనా? అది లిఫ్టు. లిఫ్టెక్కినవాడు మెట్లెక్కానని చెప్పుకోకూడదు," అన్నాడు.

"అవునన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

చిన్నల్లుడిది కళ్ళజోళ్ళ షాపు. ఎలాంటి మొహానికి ఎలాంటి ఫ్రేము తగిలించినా "మీకోసమే చేసినట్టుందండీ" అనడం ఆ వ్యాపారంలో తప్పదు. మొదట్లో ఆ అలవాటు షాపు వరకే ఉండేది. తోడల్లుడు తగిలాక ఇంటిదాకా వచ్చింది. నిజానికి అతనికి మోకాళ్ళ నొప్పులు. కేబుల్ కారులో కిటికీ పక్క సీటు గురించి వారం రోజులుగా ఊహించుకుంటున్నాడు. ఆ సంగతి భార్య ఒక్కదానికే తెలుసు. "మీ అన్నయ్యతో చెప్పెయ్యండి, మోకాళ్ళ నొప్పులతో నడవలేనని," అందామె. "చెప్తాలే," అన్నాడు. ఇప్పుడు ఆమె అతని వైపే చూస్తోంది. అతను బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ తల్లితో కలిసి కేబుల్ కారులో పైకి వెళ్ళాలి. అల్లుళ్ళిద్దరూ నడిచి రావాలి. ఒంటిగంటకి శిఖరం మీద క్యాంటీన్లో భోజనం. ఇదంతా పెద్దల్లుడి ఏర్పాటే.

అత్తగారికి అరవై ఎనిమిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయింది. అవతల ఎవరెంత అరిచినా గొంతు పెంచకుండా లైను కలిపిన మనిషి. ఆవిడ టిక్కెట్టుని అటూ ఇటూ తిప్పి చదివింది. "దీంతో సాయంత్రం దాకా ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చట," అంది.

పెద్దల్లుడు నవ్వాడు. "హాయిగా ఎక్కండత్తయ్యగారూ. మీ వయసుకి అదే మంచిది."

కొండదారి పొడుగునా రాళ్ళ మీద పసుపు రంగు గుర్తులున్నాయి. కళ్ళున్నవాడెవడూ తప్పిపోయే వీలు లేదు. అరగంట నడిచాక పెద్దల్లుడికి ఆ గుర్తుల మీదే అనుమానం వచ్చింది.

"ఈ మెలికలు చూడు. నడక రానివాళ్ళ కోసం వేసిన దారిది. పైన కేబుల్ కారు తీగ చూశావా, శిఖరానికి సూటిగా పోతోంది. దాని కిందే నడిచామంటే సగం దూరం కలిసొస్తుంది."

తీగ గాల్లో పోతుందనీ, గాల్లో గోతులుండవనీ చిన్నల్లుడికి వెంటనే తట్టింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "సూటిగానే ఉందన్నయ్యా," అన్నాడు.

అక్కణ్ణించి ముళ్ళపొదలు, కాలు పెడితే జారిపోయే గులకరాళ్ళు. పెద్దల్లుడు వెనక్కి తిరక్కుండానే "మొదటి గేరు, మొదటి గేరు" అంటూ ముందు నడుస్తున్నాడు. చిన్నల్లుడి మోకాళ్ళు చెక్కతలుపుల్లా చప్పుడు చేస్తున్నాయి. మూడు గంటలు గడిచాక అతని జేబులో ఫోను మోగింది.

"బాబూ, ఒకసారి పైకి చూడు," అంది అత్తగారి గొంతు.

చూశాడు. నెత్తి మీదుగా ఒక ఎర్ర డబ్బా నెమ్మదిగా కిందికి పోతోంది. కిటికీలో ఒక చెయ్యి ఊగుతోంది.

"అమ్మాయిలు పైన క్యాంటీన్లో కూర్చున్నారు. నేను ఇది మూడోసారి తిరగడం. చక్కగా ఉంది. ఇదిగో, జాగ్రత్తగా విను. మీ ముందు పెద్ద గండి ఉంది. అటు పోకండి. రెండొందల అడుగులు వెనక్కి వెళితే పడిపోయిన చెట్టొకటి, దాని పక్కన పసుపు రాయి. అక్కడ కుడికి తిరిగితే మధ్య స్టేషను పావుగంట నడక. పెద్దల్లుడుగారికి చెప్పు."

చెప్పాడు. చెప్పడం కూడా "అత్తయ్యగారు ఏదో అంటున్నారు" అని మొదలుపెట్టాడు.

"పైనుంచి చూసేవాళ్ళకి చిన్న గుంట కూడా గండిలాగే కనిపిస్తుంది. నేల సంగతి నేల మీదున్నవాడికే తెలుస్తుంది," అన్నాడు పెద్దల్లుడు.

పది నిమిషాల తర్వాత నేల సంగతి తెలిసింది. కాళ్ళ ముందు కొండ రెండుగా చీలి ఉంది. అవతలి అంచు రాయి విసిరినంత దూరం, మధ్యలో మూడు మేడల లోతు. తీగ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా అవతలికి పోయింది. పెద్దల్లుడు దాన్ని కాసేపు కోపంగా చూశాడు.

"దిగి ఎక్కుదాం," అన్నాడు.

రానని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా పద్నాలుగేళ్ళుగా చిన్నల్లుడి నోట రాలేదు. "బూటు లేసు ఊడిందన్నయ్యా. మీరు పదండి, కట్టుకుని వచ్చేస్తా," అన్నాడు. అతని బూట్లకి లేసుల్లేవు, అతికించే పట్టీలు. ఎదుటివాడి కాళ్ళ వైపు చూసే అలవాటు పెద్దల్లుడికి లేదు కాబట్టి సరిపోయింది. ఆయన తల గండి అంచు కింద మాయం కాగానే చిన్నల్లుడు వెనక్కి తిరిగి, మోకాళ్ళ సంగతి మరిచి పరుగు లంకించుకున్నాడు. పడిపోయిన చెట్టు, పసుపు రాయి, కుడివైపు. సరిగ్గా పావుగంట.

మధ్య స్టేషను వసారాలో అత్తగారు మంచినీళ్ళ సీసాతో నిలబడి ఉంది.

"ఆయనేరీ?"

"గండిలోకి దిగుతున్నారు."

"రానని చెప్పే వచ్చావా?"

"లేసు కట్టుకొస్తానని..."

ఆవిడ అతని బూట్లు చూసింది. సీసా చేతికిచ్చింది.

పెద్దల్లుడికి ఫోను చేస్తే ఎత్తలేదు. వసారా కొసకి వెళితే గండి అడుగు కొంత కనిపిస్తోంది. అక్కడ ఒక టోపీ ఆ గోడ దాకా వెళ్ళడం, తిరిగి ఈ గోడ దగ్గరికి రావడం. తర్వాత విజిలు వినిపించింది. మొదట దర్జాగా మూడుసార్లు. ఆ తర్వాత ఆగకుండా.

"వారానికొకరు ఇలా ఊదుతారండీ," అంది టిక్కెట్లు చూసే నెరిసిన జుట్టావిడ. "తీగ కింద నడిస్తే దగ్గరని ఎవరు చెప్తారో ఏమో. తాడు తీసుకుని వెళ్ళే మనిషి పై స్టేషనుకి వెళ్ళాడు, వచ్చేసరికి అరగంట పడుతుంది."

అత్తగారు చేతిసంచి తీసి, బెంచీ మీద కూలబడ్డ చిన్నల్లుడి ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యగారూ, నా మోకాళ్ళు..."

"కూర్చో నాయనా."

ఆవిడ పసుపు గుర్తులు చూసుకుంటూ దిగింది. కాసేపటికి గండి అంచున నిలబడి కనిపించింది. ఏం చెబుతోందో ఇక్కడికి వినపడదు, చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఆ చెయ్యి ఎటు చూపిస్తే పెద్దల్లుడు అటు కాలు వేస్తున్నాడు. ఏ వేరు చూపిస్తే ఆ వేరు పట్టుకుంటున్నాడు. ఒకచోట ఆగి ఏదో వాదించబోయి జారాడు. అక్కణ్ణించి వాదించలేదు. చిన్నల్లుడు ఇదంతా మొదట భయంతో చూశాడు. తర్వాత, ఒళ్ళో సంచి పట్టుకుని, చాలా ఇష్టంగా చూశాడు.

ముప్పావుగంటకి ఇద్దరూ వచ్చారు. ముందు ఆవిడ, వెనక ఆయన. ఒక కర్రా టోపీ గండిలోనే ఉండిపోయాయి. ఆయనకి మోకాళ్ళ దాకా బురద. ముగ్గురూ కేబుల్ కారెక్కారు. దారి పొడుగునా పెద్దల్లుడు రుమాలుతో బురద తుడుచుకున్నాడు. తలుపు తెరుచుకునేసరికి ఆయన మొహం ఎప్పటి మొహమే.

క్యాంటీన్లో అక్కాచెల్లెళ్ళు ఆత్రంగా లేచారు. "ఏమైందండీ, రెండున్నరయింది?" అంది పెద్దమ్మాయి.

"ఏముంది, ఇతను లేసు కట్టుకుంటూ తప్పిపోయాడు," అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ. "ఇతన్ని వెతుకుతూ నేను గండిలోకి దిగాల్సి వచ్చింది. ఈలోగా అత్తయ్యగారు కంగారుపడి ఒంటరిగా దారి పట్టి వచ్చేశారు. ఆ వయసులో కొండదారి, ఒక్క అడుగు తప్పితే ఇంకేమన్నా ఉందా? ఆవిణ్ణి భద్రంగా స్టేషనుకి చేర్చేసరికి ఈ వేళయింది. ఏమంటావోయ్?"

అందరూ చిన్నల్లుడి వైపు తిరిగారు. అత్తగారు ప్లేటు దగ్గరికి లాక్కుని, చెంచా ఎత్తి, ఆపింది. అతని భార్య కళ్ళు అతని బూట్ల పట్టీల మీద ఉన్నాయి.

"నిజమే," అన్నాడతను. "అన్నయ్య లేకపోతే నా పని అయిపోయేది."

అత్తగారు భోజనం మొదలుపెట్టింది. నింపాదిగా తింది, ఏదీ వదల్లేదు. చేతులు కడుక్కునే చోట అతను పక్కన చేరాడు.

"ఆయన అబద్ధమాడాడంటే అర్థముంది," అంది కొళాయి తిప్పుతూ. "పరువు చిరిగింది, అతుకేసుకున్నాడు. నీకేమొచ్చింది బాబూ?"

"గొడవెందుకని అత్తయ్యగారూ..."

"గొడవ చెయ్యమని ఎవరన్నారు? కనిపించింది చెప్పమన్నారు." ఆవిడ చేతులు తుడుచుకుంది. "కొత్త అద్దాలకి నీ షాపుకి వద్దామనుకున్నాను. ఇంకెక్కడైనా చూపించుకుంటాలే." లైను ఖాళీ లేదని చెప్పే గొంతుతోనే అంది.

దిగేటప్పుడు అతనికి కిటికీ పక్క సీటు దొరికింది. బయట ఏముందో చూడలేదు. తీగ తెగితే బ్రేకులెలా పడతాయో పెద్దల్లుడు చెబుతున్నాడు, ఎక్కడా ఆగకుండా.

తర్వాత రెండు నెలల్లో ఆ కథ బంధువులందరికీ చేరింది. మూడు మేడల గండి ఏడు మేడలయింది. అందులో అత్తగారు ఒకచోట కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. సాక్ష్యం కావాల్సినప్పుడల్లా పెద్దల్లుడు ఇటు తిరుగుతాడు, చిన్నల్లుడు తల ఊపుతాడు. ఆ సమయానికి అతని భార్య వంటింట్లో ఏదో పనుందని లేచి వెళ్ళిపోతుంది.

అత్తగారు మాత్రం ఎక్స్ఛేంజీలో తనతో పనిచేసిన ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని మళ్ళీ ఆ కొండకి వెళ్ళొచ్చింది. కింద స్టేషను నుంచి శిఖరం దాకా నడిచారట. ఫోటోలు తియ్యలేదు. ఒక ఆదివారం అందరూ కూర్చుని ఉండగా చిన్నమ్మాయి ఆ మాట చెప్పింది. మధ్య స్టేషను దాటాక దారి ఎలా ఉంటుందో అడగాలని చిన్నల్లుడికి నిజంగానే బుద్ధి పుట్టింది. ఆవిడ ఎదురుగానే ఉంది, కొత్త కళ్ళజోడుతో. ఫ్రేము బాగా నప్పింది. నోరు తెరిచాడు కూడా.

"ఆ దారి నాకు తెలుసు," అని పెద్దల్లుడు మొదలుపెట్టాడు.