కళ్ళు మూసినా పోని మెరుపు

ఆ కళ్ళద్దాల దుకాణంలో అక్క పరీక్షిస్తుంది, తమ్ముడు అమ్ముతాడు. తండ్రి పోయినప్పటి నుంచీ పని పంపకం అదే. వచ్చినవాళ్ళని వెనక చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ట్రయల్ ఫ్రేము పెట్టి, లెన్సులు మారుస్తూ "ఇది బాగుందా, పోనీ ఇదా?" అని విసుగు లేకుండా అడగటం ఆవిడ వంతు. తయారైన కళ్ళజోడు తొడిగి "పదేళ్ళు తగ్గారండీ" అనటం తమ్ముడి వంతు. ఎనభై ఏళ్ళ ముసలాయనకైనా అతను పదేళ్ళే తగ్గించేవాడు, అంతకంటే తగ్గిస్తే నమ్మరని.

అలాంటి అక్క ఒక పొద్దున షట్టరు ఎత్తుతూనే, "ఈ నెలాఖరుకి కుర్చీ దగ్గర పని మానేస్తున్నానురా" అంది.

"కుర్చీ ఏం పాపం చేసింది?"

"కుర్చీ కాదు, నా కుడికన్ను. పవరు నిలవటం లేదు. సొంత కంటికే నంబరు తేల్చుకోలేనిదాన్ని, పరాయి కళ్ళకేం తేలుస్తాను?"

తమ్ముడు నవ్వబోయి ఊరుకున్నాడు. తండ్రికి చివరి రోజుల్లో కుడికన్ను పూర్తిగా పోయింది. ఆ మాట ఇద్దరి నోటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

ఏడాదిగా జరుగుతున్నది ఇది. ఉన్నట్టుండి, చదువుతున్న అక్షరం పక్కన కొంచెం మేర ఏమీ లేకుండా పోయేది. నల్లగా ఉండేది కాదు, తెల్లగానూ ఉండేది కాదు. అసలు అక్కడ ఏదీ ఉండేదే కాదు. కాసేపటికి దాని అంచున రంపపు పళ్ళలాంటి మెరుపు పుట్టి, వణుకుతూ కుడివైపుకి పెరుగుతూ పోయేది. ఇంకొకరైతే హడలి చచ్చేవారు. ఆవిడ చేతిలో విద్య ఉంది కనుక తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి, ట్రయల్ ఫ్రేము పెట్టుకుని, కుడికంటికి ఒక్కో లెన్సూ వేసి చూసుకునేది. కాస్త పెంచి, కాస్త తగ్గించి, ఇటు తిప్పి, అటు తిప్పి, అరగంట తంటాలు పడేసరికి ఏదో ఒక లెన్సు దగ్గర మెరుపు మాయమయ్యేది. "దొరికావు!" అనుకునేది.

ఆ వెంటనే కణతలో సమ్మెటపోటు మొదలయ్యేది. కడుపులో తిప్పేది, ట్యూబులైటు సూదిలా గుచ్చేది. దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. కొత్త నంబరు పెడితే తలనొప్పి మామూలే, రెండు రోజుల్లో అలవాటైపోతుందని తనే అందరికీ చెప్పేది కదా. అన్నట్టుగానే మర్నాటికో ఆ మర్నాటికో నొప్పి పోయేది. మళ్ళీ మెరుపు వస్తే, నంబరు మళ్ళీ మారిందన్నమాట! డ్రాయరు నిండా కళ్ళజోళ్ళు పోగయ్యాయి. తప్పుడు ఆలోచనకి ఉండే అందమే అది. అన్నీ అతికినట్టు సరిపోతాయి.

నెలాఖరు ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చున్న బడి మాస్టారి ముక్కు మాయమైంది. కళ్ళున్నాయి, మీసం ఉంది, మధ్యలో ముక్కు లేదు.

"రేపు రండి మాస్టారూ."

"అదేంటమ్మా, నా కళ్ళు అంత పాడయ్యాయా?"

"మీవి బంగారంలా ఉన్నాయి."

ఆయన వెళ్ళాక తనే కుర్చీలో కూలబడింది. అలవాటు కొద్దీ చెయ్యి లెన్సుల పెట్టె మీదికి పోయింది. తొట్రుపాటులో పెట్టె బోర్లాపడి, లెన్సులన్నీ నేలపాలయ్యాయి. సగం చూపుతో ఏరుకోవటం అయ్యే పని కాదు. విసుగొచ్చి లైటు ఆర్పేసి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

మెరుపు పోలేదు.

పైన అరచేతులు కప్పుకుంది. చీకటిలో ఇంకా స్పష్టంగా, అదే వంపుతో, నింపాదిగా పెరుగుతోంది. లైటు వేసి కుడికన్ను మూసింది. ఎడమకంటికీ అదే చోట అదే మెరుపు. ఎడమది మూస్తే కుడికంటికీ అంతే. దొంగ దూరతాడని తలుపులు బిగించుకుంటూ పోయి, చివరికి వాడు ఇంట్లోనే కాపురముంటున్నాడని తెలుసుకున్నట్టయింది. విచిత్రం, భయం వేయలేదు. నువ్వు కంటిలో లేవు, మరెక్కడున్నావు, అని దాన్నే చూస్తూ కూర్చుంది. ఏ లెన్సూ వేయకుండానే అది దాని దారిన అది పోయింది. నొప్పి మాత్రం ఠంచనుగా వచ్చింది.

చీకటి గదిలో తలకి తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నప్పుడు ఇంకో ప్రశ్న తొలిచింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక్కో కన్నూ మూయించి చూసే మనిషి, తన విషయంలో ఆ చిన్న పని ఎందుకు చేయలేదు? భయం కుడికంటి మీదే ఉంది కనుక, కుడికంటినే అడిగింది. జవాబు ముందే తెలుసనుకున్నవాళ్ళు ప్రశ్న సగమే అడుగుతారు.

నొప్పి తగ్గాక వెళ్తే, నరాల డాక్టరమ్మ మొదట కళ్ళు పూర్తిగా చూపించుకు రమ్మంది. రెండూ బాగున్నాయని తేలింది. ఆ తర్వాత అన్నీ విని, "మైగ్రేన్. పార్శ్వపు నొప్పి అంటారే, అది" అంది. "మెరుపు పుట్టేది మెదడులో. అందుకే ఏ కన్ను మూసినా ఉంటుంది. కాసేపటికి తనంతట తనే పోతుంది. సరే, ముందురోజు మీలో ఏమైనా తేడా కనిపిస్తుందా?"

"ఏమీ ఉండదండీ."

"ఎందుకుండదు? నన్ను తిడుతుంది" అన్నాడు తోడు వచ్చిన తమ్ముడు.

"నోర్ముయ్‌రా. అది రోజూ ఉండేదే."

"రోజూ తిట్టేది వేరు డాక్టరుగారూ, దానికో పద్ధతుంటుంది. తలనొప్పికి ముందురోజు ఆవలిస్తూ తిడుతుంది. తిట్టి తిట్టి, బిస్కెట్ల డబ్బా ఖాళీ చేస్తుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆవలింతలు, చిరాకు, తీపి మీదికి మనసుపోవటం, కొందరికి ముందే వస్తాయి. మీ తమ్ముడు మంచి సాక్షి. ఆయన్ని తిట్టినా, మాట వినండి." వేళకి తిండి, వేళకి నిద్ర, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు అంది. రాసిచ్చిన మాత్ర నొప్పి ముదిరాక కాదు, మొదలవుతూనే వేసుకోవాలి. అలాగని వారంలో రెండు రోజులు మించితే మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. "ఒక్కటి గుర్తుంచుకోండి. పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, ఇది మనదేలే అని పడుకోవద్దు. పరుగెత్తుకు రండి."

ఇంటికి వస్తున్న దారంతా ఆవిడ లెక్కలు వేస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ తమ్ముడి మీద వచ్చిన కోపాల్లో తనవెన్ని, తలనొప్పివెన్ని? కోపం వచ్చినప్పుడు అది నూటికి నూరుపాళ్ళు న్యాయంగానే అనిపించేది. అరువు కోపం కూడా సొంత కోపంలాగే ఉంటుందా?

తెలుసుకునే అవకాశం ఆ వారంలోనే వచ్చింది. దుకాణానికి వచ్చేసరికి వెనక గదిలో వడ్రంగి టేపు పట్టి గోడలు కొలుస్తున్నాడు.

"ఏం కొలుస్తున్నావయ్యా?"

"షోకేసుకండి. కుర్చీ తీసేస్తున్నారటగా."

ఆవిడ ఒక్క ఊపున ముందుకొచ్చి తమ్ముడి మీద విరుచుకుపడింది. "నన్నో మాట అడిగావా?"

"నువ్వే కదక్కా మానేస్తానన్నావు! నాలుగు ఫ్రేములు పెట్టుకుందామని..." అని, ఆవిడ మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు. "అరవకే. రేపు తలనొప్పి వచ్చేట్టుంది."

ఆవిడ నిజంగానే ఆగి, గుర్తుచేసుకుంది. నిన్న రాత్రి బాగా నిద్రపట్టింది. పొద్దున వేళకి తింది. ఆవలింత లేదు. పరీక్ష దీపం వేసి చూసింది, గుచ్చలేదు. తమ్ముడి ముక్కు ఉన్నచోటే ఉంది.

"లేదురా. ఇది తలనొప్పిది కాదు, నాదే."

కోపం ఎవరిదో తేలాక అరవాల్సిన అవసరం కనిపించలేదు. "కన్ను పోతోందనుకుని మానేస్తానన్నాను. పోవటం లేదు. కుర్చీ ఇక్కడే ఉంటుంది. షోకేసు నీ నెత్తిన పెట్టించుకో."

"నెత్తి కొలత తీసుకోమంటారా అండీ?" అన్నాడు వడ్రంగి.

తమ్ముడు అతని వంక కొరకొరా చూసి, అక్క వైపు తిరిగాడు. "మరి పరీక్ష మధ్యలో మెరుపొస్తే?"

"ఆపేస్తాను. రేపు రమ్మంటాను. నొప్పి మొదలవగానే మాత్ర వేసుకుని లైటు ఆర్పుకుంటాను. తప్పు నంబరు మాత్రం రాయను."

తమ్ముడు తల గోక్కున్నాడు. "అయితే షోకేసు ముందు గదిలోనే పట్టించాలి" అని, కొలత చెప్పమన్నాడు. వడ్రంగి టేపుని చాచిన చేతికి ఆ కొసన పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించాడు.

"ఎన్నాళ్ళ నుంచయ్యా, అంత దూరాన పట్టుకుని చదవటం?" అంది ఆవిడ.

"చెయ్యి పొడుగు సరిపోతోంది కదండీ!"

"రేపు సరిపోదు. టేపు అక్కడ పెట్టి, ఇలా వచ్చి కూర్చో."