నా పేరు మీద బెంజి కారు

హైదరాబాదు నుంచి వచ్చిన కిరీటి అనే ఆ అబ్బాయి కారు చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరిగి, చేతులు కట్టుకుని నిలబడి, "ఇంత పదిలంగా ఉన్న బండిని నేనెక్కడా చూడలేదండీ" అన్నాడు. మా ఆయన హనుమయ్యగారి మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పదిలంగా ఉండక ఏం చేస్తుంది? మామిడికాయ బాగా కలిసొచ్చిన ఏడాది, నాకు పెళ్ళయిన కొత్తల్లో, ఈయన మద్రాసు వెళ్ళి షిప్పింగు కంపెనీ దొర దగ్గర ఈ జర్మనీ బెంజి కొనుక్కొచ్చాడు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, చెక్క డ్యాష్‌బోర్డు, తోలు సీట్లు. తిరువూరు తిరువూరంతా వచ్చి చూసిపోయింది. అప్పట్నుంచి అది షెడ్డులోనే. ఆదివారం ఆదివారం ఇంజను స్టార్టు చేసి కాసేపు ఉంచడం, కాస్త ముందుకీ వెనక్కీ జరపడం. దసరాకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గేటు దాకా తేవడం, మళ్ళీ లోపలికి తోసేయడం. తుడవడానికి నా మెత్తటి నూలు చీరలు. ఏ చీరైనా కాస్త పాతబడితే చాలు, బీరువాలోంచి మాయమైపోయేది. నా చీరలన్నీ ఆ కారెక్కాయి. నేను మాత్రం ఎక్కలేదు. ఎక్కబోతే చెప్పుల దుమ్మనేవాడు, తలనూనె సీటుకంటుతుందనేవాడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ కారు నాది. ఆదాయపన్నువాళ్ళు ఆరా తీస్తారని రెడ్డిగూడెం మామిడితోటా, ఈ ఇల్లూ, కారూ అన్నీ నా పేరునే రాయించాడు. మా వైపు నాలుగెకరాలున్న మగవాళ్ళందరూ చేసే పనే. పేరు పెళ్ళానిది, తాళాలు మాత్రం వాళ్ళ జేబులో. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే మా వంతు. దేని మీద పెడుతున్నామో కూడా అడగం. నేనూ అడగలేదు.

ఇప్పుడు షెడ్డు పడగొట్టి రోడ్డు వైపు షాపులు కట్టాలనుకున్నాడు. అందుకే ఈ అమ్మకం.

కిరీటి తలుపు తీసి మీటరు చూశాడు. "ఇంత తక్కువ తిరిగిందేంటి సార్, నిజమేనా?"

"మద్రాసు నుంచి వచ్చిందే ఎక్కువ. మా ఊరొచ్చాక వానలో తడవలేదు, కంకర ఎక్కలేదు" అన్నాడీయన, బిడ్డకు ఫస్టు ర్యాంకు వచ్చినంత గర్వంగా.

కంకర అనగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఎప్పుడు మరిచిపోయాను గనక.

చాలా ఏళ్ళ కిందటి మాట. పొద్దున్నే పెనుగొలను నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. అమ్మకి ఊపిరందడం లేదు, అక్క వచ్చిందా అని ఒకటే అడుగుతోంది, వెంటనే రమ్మన్నాడు. ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. షెడ్డులో కారుంది. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "బంద్‌లో రాళ్ళేస్తారే. అద్దం పగిలితే జర్మనీ నుంచి రావాలి. పైగా దారంతా కంకర పోశారు" అని, మా పొలం పనికొచ్చే శాంతయ్యను పిలిచి ట్రాక్టరు కట్టించాడు. కారు అద్దం పగిలితే దొరకదట. నా తల పగిలితే దొరుకుతుంది కాబోలు.

దారిలో ఒక్క రాయి పడలేదు. శాంతయ్య పాపం చేతనైనంత తోలాడు, కానీ ఆ కంకరలో మాటిమాటికీ ఆగిపోయే ముసలి ట్రాక్టరు ఎంతని పోతుంది? ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ అంతకు కాసేపటి ముందే పోయింది. చివరిదాకా గుమ్మం వైపే చూసిందని చెప్పి మా తమ్ముడు గోడకు తలానించి ఏడ్చాడు.

దానికైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆ తర్వాత ఈయన పట్టిన పాట. ఏటా అమ్మ తద్దినం రాగానే, నేను కళ్ళు తుడుచుకోగానే, "ఆ కంకర మీద కారైనా ట్రాక్టరైనా ఒకటేనే. కారులో వెళ్ళినా నీకు చివరిచూపు దక్కేది కాదు" అంటాడు. అని అన్నం కలుపుకుంటాడు. విని విని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నిజమేనేమో అని.

కిరీటి బేరం ఒప్పుకున్నాడు. కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఈయన అలవాటు ప్రకారం వేలు పెట్టి, "మాణిక్యం, ఇక్కడా, ఇక్కడా" అన్నాడు.

"పెట్టను" అన్నాను.

"ఏంటీ?"

"ముందు నన్ను పెనుగొలను తీసుకెళ్ళండి. ఈ కారులో. మీరే నడపండి. అప్పుడు పెడతాను."

"మతిపోయిందా నీకు? ఆ రోడ్డు మళ్ళీ తవ్వి కంకర పోశారు. బండికి ఏదన్నా అయితే ఈ అబ్బాయికి ఏం సమాధానం చెప్పను?"

"మళ్ళీ కంకర పోశారనే అడుగుతున్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అదే దారి, అదే కంకర. కారైనా ట్రాక్టరైనా ఒకటో కాదో ఇవ్వాళ తేలాలి. రేపు ఈ కారు వెళ్ళిపోతే నేనెవర్ని అడగను?"

ఈయన కిరీటి వైపు చూశాడు. అతను కాదంటాడని ఆశ. "నాకేం పర్లేదు సార్. ఎలాగూ నడిపి చూడాల్సిందే కదా" అన్నాడతను.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. చెప్పులతోనే కూర్చున్నాను. కిరీటి కాగితాలు పట్టుకుని వెనక ఇరుకులో సర్దుకున్నాడు.

ఊరు దాటి కంకర రోడ్డెక్కాక ఈయన గుడ్ల గంప మీద కూర్చున్నట్టు నడిపాడు. ప్రతి గుంట దగ్గరా బ్రేకు, ప్రతి రాయి దగ్గరా పక్కకి ఒరగడం. సైకిలు మీదున్న మనిషి కూడా మమ్మల్ని దాటి వెళ్ళి వెనక్కి తిరిగి నవ్వాడు. నడపనీ అనుకున్నాను. ఎంత మెల్లగా నడిపితే అంత మంచిది, తర్వాత వంక పెట్టడానికి ఉండదు. పైకి అలా ఉన్నానే గానీ, లోపల ఒకటే అనుమానం. ఈయన మాటే నిజమైతే? ఇన్నేళ్ళూ నేను ఊరికే మండిపడ్డానని తేలితే? అంతకన్నా భయం, నా మాట నిజమైతే ఏమిటని.

ఈయన కిరీటికి మద్రాసు కథ మొదలుపెట్టాడు. దొర బంగళా, దొర కుక్క, దొర అడిగిన రేటు, ఈయన చెప్పిన రేటు. ఇంట్లో ఆ కథ చెబితే నేను వంట ముగించి అంట్లు కూడా తోముకునేదాన్ని. అది సగంలో ఉండగానే మా ఊరి చర్చి గోపురం కనబడింది. ఆ పక్కన మా తమ్ముడి ఇల్లు.

కారాగింది.

"ఇదేనా అమ్మా పెనుగొలను?" అన్నాడు కిరీటి. "ఇంత దగ్గరనుకోలేదు."

ఇంత దగ్గర. అమ్మ అంతసేపు చూసిన గుమ్మం ఇంత దగ్గర.

ఈయన దిగి, మోకాళ్ళ మీద వంగి కారు కింద తొంగి చూస్తున్నాడు. "ఒక్క గీతన్నా పడలేదు" అన్నాడు సంతోషంగా.

"లేవండి" అన్నాను. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. ఆగనీ. "ఎంత మెల్లగా రావాలో అంత మెల్లగా వచ్చారు. అయినా వచ్చేశాం. ఆ రోజు ఇలాగే తెచ్చుంటే నేను మా అమ్మ పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ నోట్లో పాలు పోసేదాన్ని. నన్ను చూసి పోయేది మా అమ్మ."

"ఇప్పుడవన్నీ ఎందుకే, బయటివాళ్ళ ముందు" అన్నాడు మెల్లగా.

"మళ్ళీ తద్దినానికి ఆ మాటంటారని. ఇక అనకండి. అన్నారో, ఆ విస్తరి ముందు నుంచి లేపేస్తాను."

తేలిపోతే మనసు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. ఇన్నేళ్ళూ ఒక్కందుకే కోపం, ఇప్పుడు దానితో పాటు ఇన్నేళ్ళ ఆ పాటకీ కోపం.

కిరీటి చేతిలోంచి కాగితాలు తీసుకుని కారు ముక్కు మీద పరిచాను. పెన్ను అందుకున్నాను. ఈయన గబగబా వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి, ఆ కాగితాల కింద దూర్చబోయాడు, నా పెన్ను ఒత్తిడికి రంగు మీద గీత పడుతుందని.

తువ్వాలు లాగి రోడ్డు మీద పారేశాను. నా పేరు మొత్తం రాశాను, పొడి అక్షరాలు కాదు. ప్రతి అక్షరమూ నొక్కి రాశాను.