కాజాలక్క సైకిలు

చొక్కాల మూటను క్యారియరు మీదికి ఎత్తి, రబ్బరు తాడు రెండు చుట్లు తిప్పి కొక్కెం తగిలించింది కాజాలక్క. మూట కదల్లేదు. అయినా దాన్నొక గుద్దు గుద్దింది. పొద్దున్నే ఎవర్నో ఒకర్ని గుద్దాలనిపించే మనిషి ఆమె. మూటైతే తిరిగి మాట అనదు.

దర్జీలు కుట్టిన చొక్కాలకూ కోట్లకూ బొత్తాలు పట్టే కాజాలు చేత్తో కుట్టివ్వడం ఆమె పని. సూదిపోట్లకు ఎడమచేతి వేళ్ళు గరుకుదేరాయి, మెడ ముందుకు వంగిపోయింది. కిటికీ పక్కన తలవంచుకుని కూర్చున్నంతసేపూ ఆమెకు కోపమే. కొడుకు పిలిస్తే కోపం, పిలవకపోతే కోపం. సైకిలెక్కాక మాత్రం ఆ కోపానికి కాస్త ఊపిరాడేది.

భర్త చనిపోయిన ఏడు, మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడి లేచి, ఎవరి సాయమూ లేకుండా సైకిలు నేర్చుకుంది. నవ్వినవాళ్ళు నవ్వారు. వాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తే.

వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కింది. దిగేటప్పుడు కాళ్ళు కదపకుండా కూర్చుంది. సైకిలు తనంతట తనే జారిపోతుంటే వెనక చక్రం టకటకలాడింది. చెమట పట్టిన మెడ వెనక్కి గాలి చల్లగా దూరింది. రొట్టెల కొట్టు ముందు వేడి వాసన, ఆ పక్కనే కలప అడితిలో రంపపు పొట్టు వాసన. ఇక్కడెవరూ ‘అమ్మా’ అని పిలవరు, పిలిచినా వినబడదు. కూడలిలో కార్లు ఇరుక్కుని హారన్లు మోగిస్తున్నాయి. వాటి మధ్యనుంచి దూరిపోతూ, “కూర్చోండి నాయనా, కూర్చోండి” అంది. ఒళ్ళంతా హాయిగా ఉంది.

దర్జీ మాస్టారు మూట విప్పుతూ అన్నాడు. “సాయంత్రానికి కోట్లు సిద్ధం చేస్తానక్కా. మీవాడొచ్చి తీసుకెళ్తాడుగా?”

“మావాడా? ఎందుకూ?”

“నిన్న వచ్చి చెప్పాడు. ఇకమీదట బట్టలు తనే తెచ్చి ఇస్తాడట. నువ్వు రానక్కర్లేదట.”

తిరిగి వస్తుంటే వంతెన దిగడం కూడా తెలియలేదు. అంతగా ఒళ్ళు మండిపోయింది.

కొడుకు సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు, స్కూటరు మీద తిరుగుతాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుని మొదలుపెట్టాడు.

“నలుగురూ నవ్వుతున్నారమ్మా. మా షాపువాళ్ళు ‘మీ అమ్మను సైకిలు మీద చూశాం’ అంటుంటే తల తీసేసినట్టుంది.”

“తలుంటే కదరా తియ్యడానికి.”

“రేపు పడితే ఎవరు చూస్తారు?”

“ఇన్నేళ్ళూ పడితే ఎవరు చూశారు?”

“హాయిగా ఇంట్లో కూర్చోమంటుంటే...”

“కూర్చునే కుడుతున్నా కదరా! తిరిగేది ఆ కాసేపే. అదీ లాక్కుంటావా? కుక్కిన పేనులా పడుండమంటావా?”

వాడు చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాడు. కాసేపటికి స్కూటరు చప్పుడు వినిపించింది.

ఆమె గిన్నెలు కడిగి బయటికి వచ్చేసరికి సైకిలు కిటికీ ఊచకు కట్టేసి ఉంది. కొత్త గొలుసు, కొత్త తాళం. అంటే వాడు ముందే కొనిపెట్టుకున్నాడన్నమాట! నెత్తురు జివ్వున తలకెక్కింది. తాళం పట్టుకుని లాగింది, కిటికీ తలుపులు అదిరేలా లాగింది. తర్వాత వంగి, గొలుసు ఎటునుంచి ఎటు పోయిందో చూసింది.

“వెధవ. ఒక్కనాడూ పంక్చరు వేయించిన పాపాన పోలేదు” అని, లోపలికి కేకేసింది. “అమ్మాయ్, స్పానరు తే.”

కోడలు గుమ్మంలోకి వచ్చింది. “ఆయన వచ్చాక అడుగుదాం అత్తయ్యా...”

“తే.”

తెచ్చింది. నట్లు తుప్పుపట్టి ఉన్నాయి. స్పానరును కాలితో తొక్కితే గాని కదల్లేదు. కోడలు హేండిలు పైకెత్తి పట్టుకుంది. పని అయ్యాక అత్తగారు బట్టల సంచీ, సూదుల డబ్బా క్యారియరుకు కట్టుకుంటుంటే కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎక్కడికత్తయ్యా?”

“మా అక్క దగ్గరికి. మేడ మీద గది ఖాళీగానే ఉంది. మాస్టారి కొట్టు అక్కణ్ణుంచి ఇంకా దూరం. అంతసేపూ తొక్కొచ్చు.”

“మళ్ళీ ఎప్పుడొస్తారు?”

“వాడు నా వెనక కూర్చుని ఊరంతా తిరుగుతానంటే చెప్పు, ఆరోజు వస్తా.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. కోడలి బుగ్గ మీద గ్రీజు అంటిన వేలు ఆనించి, హేండిలు అందుకుంది కాజాలక్క. సైకిలును వెనక చక్రం మీద దొర్లించుకుంటూ సందు చివర ఉన్న సైకిలు షాపు వైపు నడిచింది. నలుగురూ చూశారు. చూడనిచ్చింది.

సాయంత్రం కొడుకు స్కూటరు దిగి, జేబులో తాళంచెవి తడుముకుంటూ వచ్చి, కిటికీ ముందు ఆగిపోయాడు. కొత్త గొలుసుతో, కొత్త తాళంతో, ఎవరూ ఎత్తుకుపోకుండా భద్రంగా, ముందు చక్రం ఒక్కటే ఊచకు ఆనుకుని ఉంది.