కిటికీ పక్క సీట్లు

మనిషి పోయిన ఇంట్లో కొన్నాళ్ళకి అయినవాళ్ళందరికీ ఒకటే ఆలోచన వస్తుంది: మిగిలిన మనిషిని ఎక్కడికైనా తిప్పి తీసుకురావాలని. వదిన విషయంలో ఆ ఆలోచన చిట్టికి వచ్చింది. చిట్టి ఆమె ఆడపడుచు, పోయినతనికి ఒక్కగానొక్క చెల్లెలు. ఆ ముద్దుపేరు కూడా అతను పెట్టిందే.

వదినది కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో పని. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయాలి, అంచు వేలితో తడిమి చూడాలి, ఫ్రేముని కాస్త వేడిచేసి అద్దాన్ని అందులో కూర్చోబెట్టాలి. మిషను తిరుగుతున్నంతసేపూ అద్దం మీద నీళ్ళు పడుతుంటాయి, తెల్లటి బురద తొట్టిలోకి జారుతుంటుంది. భర్త ఎండాకాలం మొదట్లో పోయాడు. వదిన తొందరగానే పనిలోకి వచ్చింది. ఇంతవరకు ఒక్క అద్దం కూడా పగల్లేదు. చిట్టికి భయం వేసింది అందుకే.

ఓ రోజు మధ్యాహ్నం దుకాణానికే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"కొండల్లో ఆకులు రంగు తిరిగాయట వదినా. ఓ మూడు రోజులు పోయొద్దాం."

"వెళ్దాం."

"ఎక్కడికని అడగవేం?"

"కొండలన్నావుగా."

"నీ ముఖం చూస్తుంటే ఆకులు రాలడం చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదనిపిస్తోంది."

అది హాస్యమని వదినకి తెలిసింది. నవ్వాలని కూడా తెలిసింది. తెలియడానికీ నవ్వడానికీ మధ్య తీగ ఎక్కడో తెగినట్టుంది, నవ్వు మాత్రం రాలేదు. తడి అద్దాన్ని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది.

పనులు పంచుకున్నారు. బస చిట్టి చూడాలి, రైలు టిక్కెట్లు వదిన తీయాలి. సరస్సు పక్కన గది తీసుకుందామా, కొండ మీద తీసుకుందామా అని చిట్టి రోజూ ఫోన్ చేసేది. నీ ఇష్టం అనేది వదిన. "గోడతో మాట్లాడినా కాస్త ప్రతిధ్వని వస్తుంది కదే తల్లీ," అని చిట్టి విసుక్కునేది. మర్నాడు మళ్ళీ చేసేది.

ఆదివారం వదినింట్లో భోజనాల బల్ల మీద పటం పరుచుకుని కూర్చున్నారు. ఏ దారిలో నడవాలో, వాన పడితే ఏం చేయాలో అంతా చిట్టే మాట్లాడింది. మాటల్లో టిక్కెట్లు చూపించమంది. వదిన ఫోన్ ఆమె ముందుకి జరిపింది.

చిట్టి చూసింది. రెండూ కిటికీ పక్క సీట్లే. ఒకదాని వెనక ఒకటి.

"పక్కపక్కన దొరకలేదా?"

"దొరుకుతాయి. రైలుపెట్టె సగం ఖాళీయే."

చిట్టి పటం మడిచింది.

"అన్నయ్య ఉన్నన్నాళ్ళూ నేను నీ ఆడపడుచుని. ఇప్పుడు నేనెవర్ని? ఏదో మొహమాటానికి వస్తానన్నావు. పక్కన కూర్చుంటే నోరు విప్పాల్సొస్తుందని నన్ను వెనక పడేశావు. వాడి తరఫున నాకు మిగిలింది నువ్వొక్కదానివే వదినా. అది నా గోల, నీకెందుకులే."

లేచి గుమ్మం దగ్గర బూట్లు వేసుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఈ మనిషి వెళ్ళిపోతే మళ్ళీ రాదు, వచ్చినా చుట్టపుచూపుగా వస్తుంది. వదినకి ఆ సంగతి చేతిలోని అద్దం పవరు తెలిసినంత స్పష్టంగా తెలిసింది. గుండెలో మాత్రం ఏమీ కదల్లేదు. అయినా నోరు తెరిచింది.

"మేమిద్దరం ఎప్పుడూ అలాగే కూర్చునేవాళ్ళం. ఇద్దరికీ కిటికీయే కావాలి. పెళ్ళైన కొత్తలో రైలెక్కితే చాలు, పోట్లాటే. ఇక లాభం లేదని ఒకరి వెనక ఒకరం తీసుకోవడం మొదలెట్టాం. సీటుకీ కిటికీకీ మధ్య సందు ఉంటుంది చూడు, అందులోంచి మాట్లాడుకునేవాళ్ళం. మొన్న టిక్కెట్లు తీస్తుంటే చేయి దానంతటదే అవి నొక్కేసింది. నీ గురించి ఆలోచించలేదు."

"నా గురించి ఆలోచించలేదు," అంది చిట్టి.

"ఎవరి గురించీ ఆలోచించట్లేదు చిట్టీ. అన్నం తిన్నానో లేదో గిన్నె చూస్తేగానీ తెలియట్లేదు."

చిట్టి ఒక కాలికి బూటుతో అక్కడే గడప మీద చతికిలబడింది.

"వాడు ముందు కూర్చునేవాడా, వెనకా?"

"వెనక. జడ లాగడానికి వీలుగా ఉంటుందని."

చిట్టి పకపకా నవ్వింది. ఆ నవ్వు అలాగే ఏడుపైపోయింది. వదిన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అలా వేస్తారని గుర్తుంది కాబట్టి వేసింది. తీయలేదు.

కాసేపటికి చిట్టి ముక్కు తుడుచుకుంది. "నేను వాడి సీట్లో కూర్చోను. నీకిష్టమైతే నీ పక్కన కూర్చుంటాను, లేదంటే లేదు. కిటికీ నాకు అక్కర్లేదు కూడా. రైలెక్కితే నిద్రపోతాను."

వదిన ఫోన్ తీసి సీట్లు మార్చింది. పక్కపక్కన రెండు, ఒకటి కిటికీ వైపు, ఒకటి నడవ వైపు. ఎవరి పేరు ఎక్కడ అని అడిగింది తెర. కట్టుకున్నవాడికి కూడా ఆమె ఏనాడూ కిటికీ వదిలిన మనిషి కాదు. కిటికీ వైపు చిట్టి పేరు పెట్టింది. మనసు చివుక్కుమంటుందేమోనని ఆగి చూసుకుంది. చివుక్కుమనలేదు.

"నాకొద్దన్నానుగా," అంది చిట్టి తొంగి చూసి.

"నిద్రపోతానంటివి. తల ఆనించుకోవడానికి ఓ గోడ ఉండాలిగా."

చిట్టి బూటు విప్పి పక్కన పెట్టింది. వదిన ఆమె వైపు కాసేపు చూసింది.

"చలికి నీ దగ్గర మంచి స్వెట్టరుందా?"

ఈ ప్రయాణం సంగతి మొదలైన దగ్గర్నుంచీ వదిన అడిగిన మొదటి ప్రశ్న అది.