‘ఇక్కడ రాయండి’ అని ఉంది

లారీ తోలడం మానేశాక చేతులు ఊరుకోలేదు. చూసి చూసి మా కోడలు ఊలు ఉండ, రెండు సూదులు ఇచ్చి అల్లడం నేర్పింది. తన పాత ఫోన్ కూడా ఇచ్చింది. అందులో ఒక అల్లికల పత్రిక వస్తుంది. కాగితం పత్రికైతే పేజీ తిప్పుకుంటూ పోతాం. ఇందులో తిప్పడానికేమీ లేదు. వేలు తగిలితే ఎక్కడికో పోతుంది, వెనక్కి ఎట్లా రావాలో తెలీదు. ఎన్నో ఊళ్లు తిరిగినవాణ్ణి, ఆ పత్రికలో మాత్రం రోజూ తప్పిపోయేవాణ్ణి.

కోడలికి మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. అప్పుడు చుట్టాలంతా వచ్చి సంబరపడ్డారు, మళ్లీ వాళ్లే వచ్చి ఓదార్చారు. ఆ ఓదార్పులే తట్టుకోలేకపోయింది. అందుకే ఈసారి అయిదో నెల దాకా ఎవరికీ చెప్పొద్దంది. మా అబ్బాయికీ నాకూ తప్ప తెలీదు. అసలే నోరు విప్పని మనిషిని, నా దగ్గర మాట భద్రం అనుకుంది.

పుట్టే బిడ్డకి టోపీ అల్లుదామనిపించింది. పత్రికలో అదెక్కడుందో దొరకలేదు. కిందికి జరుపుతూ పోతే చివర్లో పెద్ద గడి, దాంట్లో ‘ఇక్కడ రాయండి’ అని ఉంది. వెతకడానికే కాబోలనుకున్నాను. నా మూడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం ఏరుకుని రాశాను: ‘కడుపుతో ఉంది. మూడో నెల. పుట్టే బిడ్డకి టోపీ కావాలి.’ పక్కనున్న బాణం నొక్కాను. టోపీ రాలేదు. నా రాత దానికి అర్థం కాలేదేమోనని ఫోన్ పక్కన పడేశాను.

సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వస్తూనే నా ముందు నిలబడింది.

“మామయ్యా, పత్రికలో ఏం రాశారు?”

“టోపీ కోసం వెతికానమ్మా.”

“వెతికేది పైన, భూతద్దం బొమ్మ దగ్గర. మీరు రాసింది కామెంట్. చదివేవాళ్లందరికీ కనపడుతుంది. అదీ నా పేరుతో, నా ఫొటోతో.”

ఆ ఫోన్‌లో ఇంకా తన పేరే ఉందట. నా పేరున్నా బాగుండేది. కింద ఎవరెవరో శుభాకాంక్షలు చెప్పారట. ఒకావిడ పూలగుత్తి బొమ్మ కూడా పెట్టిందట.

“చెరిపేశాను. కానీ మా పిన్ని రోజూ చదువుతుంది. ఆవిడ చూస్తే చుట్టాలందరూ చూసినట్టే.”

గొంతు పెంచలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అంతలో తన ఫోన్ మోగింది. పిన్నే. కోడలు ఎత్తలేక, కట్ చేయలేక అట్లాగే పట్టుకుని చూస్తోంది. ఆ చేతిలోంచి తీసుకుని హలో అన్నాను.

“అన్నయ్యగారా! మీరెత్తారేంటి? మాకు చెప్పకుండా లోకమంతా చాటుకుంటున్నారే, ఏంటండీ సంగతి?”

“అది నేను రాశాను చెల్లెమ్మా. పిల్లి గురించి.”

“పిల్లా?”

“పెరట్లోకి వస్తుంటుంది. కడుపుతో ఉంది.”

“పిల్లికూనకి టోపీ అల్లుతారా?”

“ఊరికే కూర్చోలేక.”

ఆవిడ పగలబడి నవ్వింది. “లారీ తోలిన చేతులతో పిల్లికూనకి టోపీ! మా ఆయనకి చెప్తే నవ్వలేక చస్తాడు.”

నవ్వుకోనీ అనుకున్నాను. గండం గడిచింది. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగింది.

“అవునూ, పిల్లికి మూడో నెలేంటండీ? రెండు నెలలకే పిల్లల్ని పెట్టేస్తుంది కదా?”



“మా పిల్లి కొంచెం నిదానం,” అన్నాను.



“సరే అన్నయ్యగారూ,” అంది మెల్లగా. “ఆ పిల్లిని బరువులెత్తొద్దనండి. మెట్లు చూసుకుని దిగమనండి. నేనెవరికీ చెప్పను. మా ఆయనకి కూడా.”

ఫోన్ కోడలికిచ్చేశాను.

“నమ్మిందా?”

“లేదమ్మా. కానీ ఎవరికీ చెప్పనంది.”

కోడలు కుర్చీలో కూలబడింది.

“మొత్తానికి నన్ను పిల్లిని చేశారు,” అంది.

నవ్విందో, ఏడ్చిందో. తలెత్తి చూడటానికి నాకు మొహం చెల్లలేదు.