ఎడమవైపు అంచు

మా అక్క ఇదలీనా చేతిలో సూది పడిందంటే ఎంత చిరుగైనా మాయమైపోవలసిందే. సెర్రా కొండల్లో మా ఊరి ఉన్ని మిల్లులో జీవితమంతా దానికదే పని. మగ్గం మీంచి దిగిన గుడ్డని వెలుతురుకి పట్టి, పోగు తెగినచోటల్లా కొత్త పోగెక్కించి, అక్కడ అతుకుందని దేవుడికి కూడా తెలియకుండా చెయ్యడం. ఇంట్లో మసిగుడ్డకి పీలిక కావాలన్నా చింపేది కాదు, కత్తెర తెచ్చి కత్తిరించేది. "ఆ చర్రుమనే చప్పుడు వింటే నాకు పళ్లు జివ్వుమంటాయే" అనేది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కొయింబ్రా యూనివర్సిటీలో ఆ రోజు జరిగిందంతా ఆ చేతుల వల్లే జరిగింది.

బస్సు దిగి కొండెక్కేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. "చదువు చెప్పడానికి ఇంత ఎత్తెక్కాలా? కింద చోటే దొరకలేదా వీళ్లకి?" అన్నాను.

"రాజులు కట్టుకున్న కోట కదే జుల్మీరా. తర్వాత చదువులకిచ్చేశారు. ఇరియా చెప్పింది" అంది అక్క.

ఇరియా చెప్పింది. ఆ మధ్య దాని మాటలన్నీ అలాగే ముగిసేవి. ఇరియా అంటే అక్కకి ఒక్కగానొక్క కూతురు. మా ఇంటావంటా లేని చదువు, లా చదువు, ఆ కోటలోనే చదివింది. ఆఖరి సంవత్సరం, ఇంక పరీక్షలే మిగిలాయనగా మార్చిలో జ్వరమొచ్చి మెదడుకెక్కింది. మేం ఆసుపత్రికి చేరేలోపే పిల్ల పోయింది. దాని అద్దెగది సామాను పెట్టెలో పెట్టి ఇంటికి పంపారు. పుస్తకాలు, చెప్పులు, అన్నిటికంటే అడుగున దాని నల్ల కాపా. అక్కడి విద్యార్థులు భుజాల మీంచి మడమల దాకా కప్పుకునే ఉన్నిగుడ్డ అది.

ఆ కాపా విప్పి చూసి అక్క గొల్లుమంది. కుడివైపు అంచంతా చిరుగులు. వీపు వైపు మధ్యలో, కింది అంచున ఇంకోటి, అన్నిటికంటే లోతుగా. "చూడవే, చిరిగిన గుడ్డేసుకు తిరిగింది నా తల్లి. అడగడానికి మొహమాటపడి ఉంటుందే" అని ఒకటే ఏడుపు. అంతలో దానికి ఇంకో మాట గుర్తొచ్చింది. క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు ఇరియా అన్నదట: "అమ్మా, ఇప్పుడు రావద్దు. ఆఖరి పరీక్ష అయ్యాక రా. ఆ రోజు నా కాపా మీద నీ చెయ్యి పడాలి. నువ్వే చెయ్యాల్సిన పనొకటుంది." ఏం పనే అంటే నవ్వి తప్పించుకుందట.

అక్క చేతికి తెలిసిన పని ఒక్కటే కదా. ఇదేనన్నమాట బిడ్డ అడిగింది అనుకుంది. కాపాని గోరువెచ్చటి నీళ్లలో సబ్బు పెట్టి ఉతికింది, నీడలో ఆరేసింది, కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో చిరుగే పోగు పోగు ఎక్కించింది. అద్దాలు పెట్టుకుని వెతికినా నాకు అతుకు కనపడలేదు. దాని జన్మలో అంత గొప్ప పని ఇంకోటి చెయ్యలేదు.

తర్వాత దువార్తే ఫోన్ చేశాడు. పాతిపెట్టిన రోజు కాపాలు మెడదాకా మూసుకుని వచ్చిన పిల్లల్లో ఒకడు. పొడుగ్గా, మెడ వంచుకుని నిలబడ్డాడు, స్నేహితుణ్ణన్నాడు. ఆ కాపా ఒక్కసారి చూడాలని ఉందన్నాడు, ఊరికి రమ్మంటే వస్తానన్నాడు. "వద్దు నాయనా, మేమే వస్తాం. అది తిరిగిన చోటు నేనూ చూడాలి" అంది అక్క. "అయితే కోట ముంగిట్లో, సాయంత్రం మేక అరిచాక" అన్నాడు వాడు. మేకేంటే యూనివర్సిటీలో, అని నేనడిగితే, అక్కడి గడియార స్తంభం మీది గంటకి పిల్లలు పెట్టిన పేరట. అదీ ఇరియా చెప్పిందే.

గంట కొట్టడానికింకా టైముందని కోట చూపించే గుంపులో చేరాం. మా పిల్ల నడిచిన గదులు చూడ్డానికి మేం టికెట్టు కొనాలా అని నేను గొణిగితే అక్క నా మోచెయ్యి గిల్లింది. చూపించేది కూడా ఒక విద్యార్థినే, సలొమే అని, చెంపకి చారెడు కళ్లు, భుజాన కాపా. అక్క ఆ పిల్లని చూసిన చూపు నేను చూడలేక పక్కకి తిరిగాను.

మొదట సింహాసనం ఉన్న పెద్ద హాలు. గోడనిండా రాజుల బొమ్మలు, ఎర్రటి పట్టు. ఇప్పుడక్కడ పెద్ద చదువుల వాళ్లకి పట్టాలిస్తారు. తర్వాత రాజు పడకగది, ఒకప్పుడు తలుపులేసి పరీక్షలు పెట్టిన గదట. "రాజు గురకపెట్టిన గదిలో పరీక్షలా? ఇంక పిల్లలకి నిద్రెక్కడ పడుతుంది!" అన్నాను, అక్క కాస్త నవ్వుతుందేమోనని. నవ్వింది కూడా. "ఇరియా కూడా ఇదే అందే" అంది. ఆ నవ్వు చూసి, పోనీలే వచ్చి మంచిపని చేశాం అనుకున్నాను.

లా చదివే గదుల దగ్గర తలుపు ఓరగా తీసుంది. అక్క ఆగి లోపలి బల్లల వంక చూసింది. "ఏ బల్ల దానిదో" అంది. అంతే. మాసిన సంచీలో మడతపెట్టిన కాపాని పొట్టకి హత్తుకుని గుంపు వెనకాల నడిచింది.

అంతా అయి బయట ముంగిట్లోకొచ్చాం. నిక్కరేసుకున్న ముసలాయనొకడు సలొమే కాపా చిరుగుల అంచు పట్టుకుని, "ఏం పాపా, ఎలకలు కొట్టాయా?" అన్నాడు. అందరూ నవ్వారు.

సలొమే కూడా నవ్వింది. "ఎలకలు కాదండీ, మనుషులే. ఇవి మన కోసం మనవాళ్లు చింపే చిరుగులు. కుడివైపు స్నేహితులు. ఎడమవైపు ఇంట్లోవాళ్లు. వీపు మధ్యలోది..." అని సిగ్గుపడి, "మనసిచ్చినవాడు. అక్కడ ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒక్కసారే చింపుతారు. ఈ కాపాని ఎప్పుడూ ఉతకం కూడా. ఉతికితే ఇక్కడి రోజులన్నీ కడిగేసుకున్నట్టే."

"మరి ప్రేమ కాస్తా చెడితే?" అంది ఎవరో ఆవిడ.

"అప్పుడు మధ్య చిరుగు కుట్టేస్తారు. కుట్టారంటే ఆ కథ అయిపోయినట్టే."

నాకు అక్క వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. అక్క మాత్రం బళ్లో పిల్లలా చెయ్యెత్తింది. "తెలియక కుట్టేస్తేనో అమ్మా?" అంది.

"తెలియకుండా ఎవరు కుడతారండీ? అది అందరికీ తెలిసిందేగా!" అంది ఆ పిల్ల నవ్వుతూ. దాని తప్పేముంది పాపం.

గుంపు వెళ్లిపోయింది. అక్క మెట్ల మీద కూలబడింది. ఏడవలేదు, అది చూసే నాకు భయమేసింది.

"చింపమని అడిగిందే" అంది. "నా చెయ్యి పడాలంది చింపడానికి. నేను కుట్టాను. ఉతికాను. ఆ అబ్బాయిది కూడా కుట్టేశాను జుల్మీరా. ఇప్పుడొచ్చి ఏం చూసుకుంటాడు వాడు?"

"వాడికేం రోగం? ఫలానా అని చెప్పొచ్చుగా మనకి! స్నేహితుడట, స్నేహితుడు!" అని అరిచాను. నా కోపం వాడి మీద కాదు. ఎవరి మీదో నాకూ తెలియదు.

"శవాన్ని పెట్టుకుని ఏడుస్తున్న తల్లి దగ్గరికొచ్చి అదా చెప్పేది?" అంది అక్క.

జడపిన్ను తీసి, ఇలా తే విప్పేద్దాం అన్నాను. అక్క కాపా ఒళ్లో పరిచింది, వేలు సరిగ్గా ఆ చోట ఆనింది, ఆగిపోయింది. "విప్పితే అది నేను చేసిన కన్నం అవుతుందే. వాడి చిరుగు ఎక్కణ్ణించి వస్తుంది?" పిన్ను పట్టుకున్న నా చేతిని పక్కకి తోసేసింది. అప్పుడే పైన గంట కొట్టింది.

దువార్తే ముంగిలి దాటుకుంటూ వచ్చాడు, తనూ కాపాలోనే ఉన్నాడు. వంగి ఇద్దరికీ చెంపల మీద ముద్దుపెట్టాడు. అక్క ఒళ్లోని కాపా మడిచి అందించింది. వాడు బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీసుకుని ముందు మొహానికి ఆనించుకున్నాడు. గట్టిగా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. సబ్బు వాసన తప్ప దాన్లో ఇంకేముంది! వాడి భుజాలు దిగిపోవడం నేను చూశాను.

తర్వాత విప్పి వీపు మధ్య అంచు పట్టుకుని వేళ్లతో తడిమాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు. గుడ్డ తిరగేసి చూశాడు. "ఇది... ఇరియాదేనా అమ్మా?" అన్నాడు.

"దానిదే నాయనా. నేను కుట్టాను" అంది అక్క. "నాకు తెలియదు. చిరిగిందనుకున్నాను. మమ్మల్ని క్షమించు అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు."

వాడు ఆ గుడ్డ మెల్లగా మడతపెట్టాడు. "పోనీలెండమ్మా" అన్నాడు. "నిజానికి అయిపోయిందిగా."

ఆ మాటతో అక్క లేచి నిలబడింది. "ఏదీ అయిపోలేదు! నువ్వలా అనకు!" అంది. అంత గట్టిగా అక్క అరవడం నేను ఎన్నడూ వినలేదు. "నాకు తెలుసు చోటు, నేను చూపిస్తాను. చింపు మళ్లీ."

"ఊరికే గుడ్డని చింపితే కాదమ్మా" అన్నాడు వాడు. "కప్పుకున్న మనిషి ఉండాలి."

అక్క వాడి చేతిలోంచి కాపా లాక్కుంది. ఆ ముంగిట్లో, వచ్చేపోయే జనం మధ్య, తను బయటికి వేసుకునే కోటు మీద కూతురి కాపా కప్పుకుంది. పొట్టిమనిషి, అంచు రాళ్ల మీద జీరాడింది. మెడ దగ్గర కట్టుకుని వాడికి వీపు తిప్పి నిలబడింది. చెయ్యి వెనక్కి చాపి, వెనక అంచు పైకి లాక్కుని, చూడకుండానే, ఇంత గుడ్డలో ఆ చోటు పట్టుకుంది. వాడి వేళ్లు తీసుకుని అక్కడ పెట్టింది. "ఇదిగో, ఇక్కడ" అంది.

దువార్తే మోకాళ్ల మీద కూర్చున్నాడు. అంచుని పళ్లతో కొరికి, రెండు చేతులా పట్టుకుని లాగాడు. చర్రుమంది. అక్క ఒళ్లంతా జలదరించింది, కానీ కదల్లేదు. వాడు ఆ చిరుగులో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు.

లేచాక ముక్కు తుడుచుకుంటూ అన్నాడు: "ఎడమవైపు ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదమ్మా. అదంతా మా అమ్మదే అనేది. మా అమ్మ జన్మలో గుడ్డ చింపలేదు, ఆ రోజు అమ్మ మొహం చూడాలి దువార్తే, అని తలుచుకుని తలుచుకుని నవ్వేది."

నేను వంగి ఎడమ అంచు తీసి అక్క చేతిలో పెట్టాను. "దీనికేగా నిన్ను రమ్మంది. చింపవే. ఏడ్చుకుంటూ అయినా సరే, చింపు."

అక్క రెండు పిడికిళ్లతో పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. నేను ఆ చప్పుడు కోసం పళ్లు బిగపట్టి నిలబడ్డాను. ఎంతసేపటికీ రాలేదు. తర్వాత అక్క పిడికిళ్లు వదులు చేసి, నలిగిన అంచుని అరచేత్తో సాపు చేసింది.

"ఆఖరి పరీక్ష అయ్యాక అందే" అంది. "పరీక్ష కాలేదుగా."

తిరుగు బస్సులో కూడా ఆ కాపా తియ్యలేదు. మధ్య చిరుగు సీటుకీ తనకీ మధ్య నలగకూడదని ముందుకి వంగి కూర్చుంది. చీకటి పడి కొండలెక్కుతుంటే కునుకు పట్టింది దానికి. ఎడమవైపు అంచు మాత్రం మా ఊరొచ్చేదాకా పిడికిట్లోనే ఉంది.